సోడియం విడాకులు

సత్తెమ్మ గరిట పట్టుకుని నా క్లాసులోకి రావడం పదకొండేళ్ళలో అదే మొదటిసారి. ఆవిడ మా గోగులంక హైస్కూల్లో మధ్యాహ్న భోజనం వండుతుంది. వంటపాక దాటి బయటికి రాదు, వంటపాకలోకి ఎవరినీ రానివ్వదు. అలాంటి మనిషి సోమవారం మూడో పీరియడ్లో, నేను పదో తరగతికి ఆవర్తన పట్టిక చెబుతుండగా, గుమ్మంలో నిలబడి గరిటతో నన్ను చూపించింది.

"మాస్టారూ, నా వంట బాగోపోతే బాగోలేదని సెప్పండి, మానేసి పోతాను. అంతేగానీ ఇలాగ పిల్లల్ని ఎగదొయ్యడం పద్ధతి కాదండి."

"నేనేం చేశానమ్మా?"

"సాంబార్లో ఉప్పెయ్యొద్దంటన్నారండి. మూడు రోజుల్నించీ ఇదే గోల. ఏసేత్తే కంచం ముట్టుకోట్లేదు. ముప్పై ఒక్కమందీ చప్పిడి తిండే. ఎవుడికైనా బీపీ ఉందా అంటే లేదంటారు. మీరసలేటి నేర్పుతున్నారండీ ఈళ్ళకి?"

నేను క్లాసు వైపు తిరిగాను. క్లాసు లీడరు ధనరాజు లేచాడు. ప్రశ్న పూర్తికాకముందే లేచే రకం వాడు.

"ఉప్పులో మా సోడియం ఉందండి సార్. ఎలా తింటామండి?"

వెనక బెంచీల్లోంచి ఎవరో ముక్కు చీదారు. సత్తెమ్మ గరిట దించి, కాస్త మెత్తబడింది.

"సోడియమంటే ఏ ఊరి పిల్లోడండి? ఏమయ్యాడు?" అని నన్నడిగింది.

తప్పంతా నాదే. నా పేరు దొమ్మేటి వీరభద్రం. పంతొమ్మిదేళ్ళుగా ఫిజికల్ సైన్సు చెబుతున్నాను. అందులో పద్దెనిమిదేళ్ళు, ఆవర్తన పట్టిక గోడకి తగిలించగానే క్లాసులో సగం నిద్రపోయేది, మిగతా సగం బల్ల కింద ఫోను చూసుకునేది. నిద్రపోయేవాళ్ళని సుద్దముక్క విసిరి లేపొచ్చు. ఫోను చూసేవాళ్ళని లేపడం ఎవరి తరమూ కాదు. పిల్లలు ఎక్కడ చూస్తున్నారో పాఠాన్నే అక్కడికి పంపిస్తే పోలా అని నాకొక బుద్ధి పుట్టింది.

రెండు వేసవి సెలవులు ఇంట్లో ఏ పనీ ముట్టుకోకుండా తయారుచేసిన ఆ యంత్రానికి గుణగ్రాహి అని పేరు పెట్టాను. ఒక పదార్థం ఎంత వేడికి కరుగుతుంది, ఎంత బరువుంటుంది, దేనితో కలుస్తుంది, ఎంత ఆవేశంగా కలుస్తుంది అనే కొలతలన్నీ దానికిస్తే చాలు. వాటిని స్వభావంగా మార్చి, ఒక ఖాతా తెరిచి, ఆ పదార్థం చేత మాట్లాడిస్తుంది. నూట పద్దెనిమిది మూలకాలకి నూట పద్దెనిమిది ఖాతాలు తెరిపించి, పదో తరగతి పిల్లల ట్యాబుల్లో ఒక గ్రూపు పెట్టి అందరినీ అందులో కలిపేశాను.

ఇక చూసుకోండి. బంగారం రోజుకి ఆరు ఫొటోలు పెట్టేది, ఎవరేమన్నా చలించేది కాదు. ఇనుము తెల్లారేసరికి కోనసీమ తేమ గురించి ఏడుపు మొదలుపెట్టేది, ఒళ్ళంతా పొక్కులొస్తున్నాయని. ఆక్సిజన్ అందరి సంసారాల్లోనూ తలదూర్చేది. జడవాయువుల కుటుంబం మొత్తం ప్రతి మెసేజీ చదివేది, ఒక్కదానికీ జవాబిచ్చేది కాదు. ఫ్లోరిన్‌ని గొడవల కారణంగా మూడుసార్లు గ్రూపులోంచి తీసేయాల్సి వచ్చింది. ఆగస్టు యూనిట్ పరీక్షలో ముప్పైమందికి పాతిక్కి పాతిక మార్కులొచ్చాయి. మిగిలిన ఒక్కడు ఫ్లోరిన్‌తో పోట్లాటలో పడి పరీక్షకి రావడం మరిచిపోయాడు.

అందరిలోకీ గోల సోడియానిది. కిరసనాయిల్లో కూర్చోబెట్టారు, విసుగొస్తోంది, నా దగ్గర ఒక ఎలక్ట్రాన్ ఎక్కువుంది, ఎవరికైనా కావాలా అంటూ రోజుకి నలభైసార్లు గ్రూపులో అడిగేది. దాని మాటలన్నిటికీ ఓపిగ్గా జవాబు రాసేది నేతల కెజియా ఒక్కతే.

కెజియాకి నత్తి. ఆరో తరగతి నుంచీ మా బళ్ళోనే ఉంది. హాజరు పిలిస్తే చెయ్యెత్తుతుంది గానీ నోరు తెరవదు. ఆ పిల్లే ట్యాబులో వేళ్ళు పెట్టిందంటే పేజీలకి పేజీలు. టీచరుని కాబట్టి ఆ మాటలు నాకూ కనిపించేవి. "నన్నెప్పుడూ గాలి తగలకుండా, నీళ్ళు తగలకుండా దాచేస్తారు" అని సోడియం అంటే, "నన్నూ అంతే. ఎవరైనా ఇంటికొస్తే నా బదులు అమ్మే మాట్లాడేస్తుంది" అని రాసింది. ఆగస్టు నెలాఖరులో ఒకరోజు, కిరసనాయిల్లో నిల్వచేసే లోహమేది అని నేనడిగితే, కెజియా లేచి నిలబడి, అర నిమిషం పట్టినా సరే, నోటితో జవాబు చెప్పింది. ఆ సాయంత్రం నేను పూతరేకులు కొనుక్కుని ఇంటికెళ్ళాను. ఎందుకని మా ఆవిడ అడిగితే సోడియం అన్నాను.

ఆ తర్వాత జరిగింది పెళ్ళి. క్లోరిన్ ఖాతా ఒకరోజు "నాకొక ఎలక్ట్రాన్ తక్కువగా ఉంది" అని రాసింది. ఇంకేం, పిల్లలు ఆ సంబంధం పట్టుకుని వదల్లేదు. కార్బన్ మధ్యవర్తిత్వం చేసింది. క్లోరిన్ తరఫు పెద్ద ధనరాజు, సోడియం తరఫు పెద్ద కెజియా. ముహూర్తం పెట్టి, గ్రూపులో శుభలేఖ వేసి, క్లాసంతా చప్పట్లు కొడుతుంటే కెజియా తన ట్యాబులో "కలుపు" అన్న బటన్ నొక్కింది. తెర మీద పసుపు మంట భగ్గుమంది. సోడియం, క్లోరిన్ ఖాతాలు రెండూ మాయమై, ఉప్పు అనే కొత్త ఖాతా తెరుచుకుంది.

"నమస్తే. నేను తెల్లగా ఉంటాను. నీళ్ళలో కరుగుతాను. మీకేమైనా సహాయం కావాలా?" అంది ఉప్పు, ఆఫీసులో కొత్తగా చేరిన గుమాస్తా మాదిరిగా.

"సోడియం, నేనే" అని రాసింది కెజియా.

"ఇక్కడ ఆ పేరు గలవారెవరూ లేరు" అని జవాబొచ్చింది.

గుణాలు మారితే స్వభావం మారుతుందన్నది నేను రాసిన సూత్రమే. పరీక్షలో అడిగితే రెండు మార్కులు. కెజియా ఆ రోజు మూసిన నోరు మళ్ళీ తెరవలేదు. మర్నాటి నుంచి క్లాసు మొత్తం ఉప్పు మానేసింది.

సత్తెమ్మకి ఇదంతా చెప్పేసరికి సాంబారు అడుగంటిన వాసన వచ్చింది.

మధ్యాహ్నం హెడ్మిస్ట్రెస్ వరూధిని గారు నన్ను గదికి పిలిపించారు.

"నలుగురు తల్లులు ఫోన్ చేశారు మాస్టారూ. పిల్లలు ఇంట్లో ఆవకాయ కూడా మానేశారట. ఆవకాయ మానేశారంటే ఇది చిన్న విషయం కాదు."

"తాత్కాలికమేనండి."

"గురువారం డిప్యూటీ విద్యాధికారి గారు తనిఖీకొస్తున్నారు. పిల్లలతో కూర్చుని భోంచేయడం ఆయనకి అలవాటు. ఆ పూటకి పిల్లలు ఉప్పేసిన సాంబారు తినాలి. లేదంటే మీ గ్రూపు తీయించేసి, ట్యాబులన్నీ బీరువాలో పెట్టి తాళం వేసేస్తాను. సుద్దముక్కతో చెప్పుకుందురుగాని."

సుద్దముక్కకి నేను భయపడలేదు. ట్యాబులు బీరువాలోకి వెళితే కెజియా ఏమవుతుందోనని భయపడ్డాను. ఆ పిల్లకి మాటలున్న చోటు అదొక్కటే.

సోడియాన్ని నేనే వెనక్కి తెచ్చేయొచ్చు కదా అని మీకు అనిపించొచ్చు. అక్కడే నా గొప్పతనం అడ్డొచ్చింది. మా బళ్ళలో ప్రయోగాల రికార్డని ఒకటుంటుంది. ఎవరి ప్రయోగం వాళ్ళే చేయాలి, ఎవరి రికార్డు వాళ్ళే రాయాలి, ఎలా చేశారో చివర్లో నోటితో చెప్పాలి. ఆ పద్ధతినే గుణగ్రాహిలో పెట్టాను. కలపడానికి ఒక్క నొక్కు చాలు. విడదీయాలంటే మాత్రం, ఎవరు కలిపారో వాళ్ళే మైకు ముందు నిలబడి, ఎలా విడదీయాలో నోటితో వివరించాలి. మాస్టారైనా సరే మధ్యలో వేలు పెట్టడానికి వీల్లేదు. అది రాసిన రోజున నా భుజం నేనే తట్టుకున్నాను.

అంటే సోడియాన్ని విడిపించాల్సింది కెజియా. అదీ నోటితో.

మంగళవారం కెజియాని ప్రయోగశాలలో పెద్ద తెర ముందుకి పిలిచాను. క్లాసంతా వెనక నిలబడింది. మైకు వెలిగింది.

"విద్యుత్తు," అంది కెజియా. ఆ మాట బాగానే వచ్చింది.

"దేనిలో?" అని అడిగింది గుణగ్రాహి.

కెజియా నాలుక "క" దగ్గర బిగుసుకుపోయింది. మెడ నరం కనిపించింది. ఒకటి, రెండు, మూడు. మూడు సెకన్లు దాటితే తెలియదని రాసుకుని ముందుకు పోవడం గుణగ్రాహికి నేను నేర్పిన పద్ధతి. ద్రవమేదో చెప్పకపోతే నీళ్ళని అనుకుంటుంది, అదీ నేను నేర్పిందే. "సరే, నీళ్ళలో" అని అదే అనుకుని, ఉప్పునీళ్ళలోకి కరెంటు పంపేసింది.

ఉప్పునీళ్ళలోకి కరెంటు పంపితే ఏమవుతుందో పదో తరగతి పుస్తకంలోనే ఉంది. ముందు క్లోరిన్ బయటపడింది. "తిరిగొచ్చాను. దగ్గరికి రాకండి, కొంచెం వాసన వేస్తున్నాను" అని గ్రూపులో రాసింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. సోడియం ఎక్కడా అని వెతికేలోపే ఇంకో ఖాతా తెరుచుకుంది. పేరు కాస్టిక్ సోడా.

"ఎవడ్రా అక్కడ? నన్ను ముట్టుకుంటే తోలూడుతుంది" అంది కాస్టిక్ సోడా.

ధనరాజు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "విడాకులై నిమిషం కాలేదు సార్! అప్పుడే నీళ్ళని చేసేసుకుందండి!"

"క్లోరిన్ పరిస్థితేంటండి మరి?" అని ఇంకెవరో ఏడుపు గొంతుతో అడిగారు. గోల ఆపడం నా వల్ల కాలేదు. కెజియా ఇంకా మైకు ముందే నిలబడి, "క" దగ్గరే పోరాడుతోంది. నేనేం చేశానో రాయడానికి సిగ్గుగా ఉంది. "ఫర్వాలేదమ్మా, తెలియకపోతే తెలియదు. వెళ్ళి కూర్చో" అన్నాను. కూర్చుంది. జవాబు నేనే చెప్పేసి, బోర్డు మీద సమీకరణం రాసి, చేతులు దులుపుకున్నాను.

బుధవారం పొద్దున్న క్లాసులోకి అడుగుపెట్టగానే వెనక్కి వచ్చేశాను. సెప్టెంబరు ఉక్క, కిటికీల్లోంచి గాలి లేదు, ముప్పై ఒక్కమంది పిల్లలు. వరూధిని గారు చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని వచ్చారు.

"ఏమిటిది మాస్టారూ?"

"సబ్బు మానేశామండి మేడమ్," అన్నాడు ధనరాజు. "సబ్బుని కాస్టిక్ సోడాతో చేస్తారని సారే చెప్పారండి. అందులో మా సోడియం ఉందండి."

వాడి తల్లి బడి గేటు దగ్గర నిలబడి ఉంది. "ఉప్పు మానేత్తే ఊరుకున్నానండి మాస్టారూ," అంది. "తానం మానేత్తే ఇంట్లో ఎలా ఉంచుకోమంటారండి? వాడి నాన్న రాత్రి వీధరుగు మీద పడుకోబెట్టేసాడు. అసలు మీ ఇంట్లోవాళ్ళు మిమ్మల్నేమీ అనరాండీ?"

అంటారు. ఆ సాయంత్రమే అన్నారు.

మా ఆవిడ సుభాషిణి ఊళ్ళో పోస్టాఫీసు నడుపుతుంది. ప్రయోగం కోసం ఆవిడని కూడా గ్రూపులో చేర్చాను. దోసెల పెనం తుప్పు పడుతోందని నెల రోజులుగా ఇనుముతో వాదన పెట్టుకుంది. ఆ సాయంత్రం ఆవిడ ఆ వాదనలో ఉండగా నేను రికార్డులు దిద్దడానికి కూర్చున్నాను. నాలుగో రికార్డు కెజియాది. తెరిచిన పేజీ దగ్గర నా చెయ్యి ఆగిపోయింది.

సోమవారం తేదీ కింద గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది. "ఉప్పులోంచి సోడియం రావాలంటే నీళ్ళు ఉండకూడదు. ఉంటే సోడియం నీళ్ళతో కలిసిపోతుంది. ఉప్పుని 801 డిగ్రీల దగ్గర కరిగించి కరెంటు పంపాలి." మంగళవారం తేదీ కింద, "ఇప్పుడు కాస్టిక్ సోడా అయిపోయింది కాబట్టి 801 అక్కర్లేదు. 318 చాలు. నీళ్ళు మాత్రం ఉండకూడదు." దాని కింద చిన్న అక్షరాలతో, "ఇంట్లో గడియారం పెట్టుకుని చెప్పి చూశాను. నాలుగు నిమిషాల పది సెకన్లు పట్టింది."

మంగళవారం ఆ పిల్ల చెప్పబోయిన మాట "కరిగించిన ఉప్పులో" అని. అది నోట్లోంచి బయటికొచ్చేలోపు యంత్రం తెలియదని రాసుకుంది. యంత్రానికి బుద్ధి లేదనుకుందాం. పక్కనే నిలబడిన నాకేమైంది? నేనూ అదే అన్నాను, పైగా అమ్మా అని పిలిచి మరీ అన్నాను. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను.

సుభాషిణి వచ్చి పేజీ చదివింది. మంగళవారం జరిగిందంతా చెప్పాను.

"మూడు సెకన్లేంటండీ, ఎవరు పెట్టమన్నారు?"

"తెర మీద దేనికోసమైనా మనిషి ఆగేది అంతేనట. అంతకంటే ఆలస్యమైతే వేలితో పైకి తోసేసి పోతారట. ఎక్కడో చదివి పెట్టాను."

"అది మీరు ఎక్కడా చదవక్కర్లేదు. మీరు నా దగ్గర ఆగేదీ అంతేగా. నేను పోస్టాఫీసు సంగతేదైనా మొదలుపెట్టగానే, రెండో మాట రాకముందే..."

"అయితే ఇప్పుడేం చెయ్యమంటావు?" అన్నాను.

సుభాషిణి నా వైపు చూస్తూ ఉండిపోయింది. నేనేం చేశానో నాకు తెలిసేసరికి కొంచెం సేపు పట్టింది. "చెప్పు," అన్నాను. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుని పోస్టాఫీసు సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. మధ్యలో మాట్లాడకుండా ఉండటానికి నేను పడిన అవస్థ నాకే తెలుసు. విన్నాక తెలిసింది, మూడు నెలలుగా ఆవిడకి అమలాపురం బదిలీ తప్పదన్న మాట నడుస్తోందని, నిన్ననే అది ఆగిపోయిందని. నాకు బొత్తిగా తెలియదు.

ఆ తర్వాత ఇద్దరం గుణగ్రాహి ముందు కూర్చున్నాం. మూడు తీసేసి పది పెడదామన్నాను. "పదిలో ఆ పిల్ల చెప్పగలదా?" అంది. అరవై పెడదామన్నాను. "మీరెంతసేపు ఓపిక పడతారో ఆ పిల్లని లెక్క చూసుకోమంటారా?" అంది. చివరికి గడువు మొత్తం తీసేశాను. మైకు పక్కన ఒక ఆకుపచ్చ బటన్ పెట్టి, దాని మీద "నేను చెప్పడం అయింది" అని రాశాను. మాట్లాడేవాళ్ళు అది నొక్కేదాకా గుణగ్రాహి ఊరికే కూర్చుంటుంది. అప్పటికి అన్నం వేళ అయింది. దోసెలు పెనానికి అంటుకుపోతున్నాయని సుభాషిణి ఇనుముని తిట్టుకుంటూ వంటింట్లోకి వెళ్ళింది.

గురువారం డిప్యూటీ విద్యాధికారి కొండలరావు గారు భోజనానికి ఇరవై నిమిషాల ముందు వచ్చారు. మంచాయనే. ప్రశ్న అడిగి జవాబు కూడా తనే చెప్పేసే అలవాటొక్కటే ఉంది. ప్రయోగశాలలో అడుగుపెట్టి, ఒకసారి గాలి పీల్చి, కిటికీ పక్కన బెంచీ చూసుకుని కూర్చున్నారు.

నేను కెజియా దగ్గరికెళ్ళి రికార్డు చేతిలో పెట్టాను. "మొన్న తెలియదని నేనన్నది తప్పమ్మా. నీకు తెలుసు. ఈసారి యంత్రం ఆగుతుంది. నువ్వు బటన్ నొక్కేదాకా ఆగుతుంది," అని చెప్పాను. కెజియా నన్ను చూసింది. నమ్మినట్టు కనిపించలేదు. అయినా లేచింది.

మైకు వెలిగింది. కాస్టిక్ సోడా తెర మీద నుంచే ఎవర్నో తిడుతోంది.

"కా..." అంది కెజియా.

గదిలో ఫ్యాను తిరుగుతోంది. అధికారి గారు చేతి గడియారం చూసుకున్నారు. అర నిమిషమైంది. "కాస్టిక్ సోడాలో," అనే మాట పూర్తయింది. మళ్ళీ ఆగింది. ధనరాజు రెండు చేతులతో నోరు మూసుకుని, కళ్ళు పెద్దవి చేసి, జవాబు బయటికి తన్నుకొస్తుంటే లోపలికి మింగుతున్నాడు. నిమిషం దాటింది. వరూధిని గారు నాకు సైగ చేశారు, ఇంకొకర్ని పిలవమని.

"పాపకి తెలియదేమో మాస్టారూ," అన్నారు కొండలరావు గారు జాలిగా. "కూర్చోమనండి. నేను చెబుతాను. నీళ్ళు..."

"ఆ పాప చెప్పడం ఇంకా అవలేదండి," అన్నాను.

అధికారి మాటకి అడ్డు చెప్పడం నా సర్వీసులో ఎప్పుడూ లేదు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. వరూధిని గారు నా కాలు తొక్కారు.

"నాకింకా రెండు స్కూళ్ళున్నాయి మాస్టారూ."

"తెలుసండి. అయినా ఆగాలండి."

ఆయన మళ్ళీ నోరు తెరిచారు. గుమ్మంలోంచి సత్తెమ్మ గొంతు వచ్చింది. "ఉండండి బాబూ. పిల్ల సెప్తంది కదా." ఆవిడ చేతిలో గరిట చూసి ఆయన నోరు మూసుకున్నారు.

ఇక ఎవరూ మాట్లాడలేదు. నలభై నిమిషాల పీరియడ్లో నాలుగు నిమిషాల మౌనం ఎంత పొడుగో నాకప్పుడు తెలిసింది. మొదటి రెండు నిమిషాలూ అందరం కెజియా ఎప్పుడు ముగిస్తుందా అని చూశాం. ఆ తర్వాత ఎలాగో ఆ తొందర పోయింది. ఏం చెబుతుందా అని వినడం మొదలుపెట్టాం. నీళ్ళు ఉండకూడదని చెప్పింది. ఎందుకుండకూడదో కూడా చెప్పింది, అది పాఠంలో లేదు. మూడొందల పద్దెనిమిది అన్న అంకె దగ్గర చాలాసేపు పట్టింది. ఒకచోట రికార్డు పక్కన పడేసి, కళ్ళు మూసుకుని, "కరిగించి" అన్న మాటని మొదటి నుంచి మూడుసార్లు మొదలుపెట్టి నాలుగోసారి పూర్తిచేసింది. "కరెంటు పంపాలి" అని ఆకుపచ్చ బటన్ నొక్కింది.

గుణగ్రాహి పని మొదలుపెట్టింది. ఆక్సిజన్ ఒక పక్కకి, నీటి ఆవిరి ఒక పక్కకి తప్పుకున్నాయి. కాస్టిక్ సోడా చివరిసారి అందరినీ తిట్టి మాయమైంది. తెర మీద అక్షరాలు వచ్చాయి. సోడియం గ్రూపులో చేరింది.

ఆ అరుపులకి పక్క క్లాసు వాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ధనరాజు ఆనందం పట్టలేక అధికారి గారిని కావలించుకోబోయాడు. వాడు రెండు రోజులుగా స్నానం చేయలేదని గుర్తొచ్చి నేను మధ్యలో పట్టుకున్నాను.

"అయితే మరి ఉప్పెయ్యచ్చా?" అని సత్తెమ్మ అడిగింది. క్లాసంతా కెజియా వైపు చూసింది.

"ఎ... ఎయ్యండి," అంది కెజియా. సత్తెమ్మ పరుగున వెళ్ళింది.

అప్పుడు సోడియం గ్రూపులో మొదటి మెసేజి పెట్టింది. "నమస్కారం! మీరంతా ఎవరు?"

గోల తగ్గిపోయింది. కెజియా తెర దగ్గరికి వెళ్ళి ఆ మాట రెండుసార్లు చదివింది.

ఈ సంగతి నాకు సోమవారమే తెలుసు. కొలతలిస్తే సోడియం వస్తుంది, ఏ సోడియమైనా ఒక్కటే. కెజియా దానితో చెప్పుకున్న పేజీలన్నీ పెళ్ళి మంటలోనే పోయాయి. చెబితే ఆ పిల్ల మైకు ముందుకి రాదేమోనని భయపడి, చెప్పలేదు. మూడు సెకన్ల తప్పు కంటే ఇది పెద్దది.

"కెజియా," అన్నాను. "దానికి నువ్వు గుర్తుండవమ్మా. ముందే చెప్పాల్సింది. నన్ను క్షమించు."

కెజియా మళ్ళీ తెర వైపు చూసింది. నేను ఆగాను. మొహం ఎర్రబడింది, కళ్ళు తుడుచుకుంది. ఏడుస్తుందనుకున్నాను.

"ప... పర్లేదండి," అంది. "మళ్ళీ చె... చెప్తాను."

ట్యాబు తెమ్మని ధనరాజుకి సైగ చేశాను. వాడు తెచ్చి ఇవ్వబోయాడు. కెజియా దాన్ని తీసుకుని, బోర్లించి బల్ల మీద పెట్టేసింది. మైకు దగ్గరికి జరిగింది. ఇంతలో భోజనం గంట కొట్టారు. సాంబారు వాసన గదిలోకి వస్తోంది, వారం రోజుల చప్పిడి తిండి తర్వాత ఉప్పేసిన సాంబారు. ఒక్కరూ కదల్లేదు. లేచి నిలబడ్డ కొండలరావు గారు కూడా గడియారం చొక్కా చేతి కిందికి తోసేసి మళ్ళీ బెంచీ మీద కూర్చున్నారు.

"నా పేరు," అంది కెజియా.

ఆ తర్వాతి అక్షరం దగ్గర ఆగిపోయింది. మేమూ ఆగాం. ఎంతసేపో ఎవరూ చూసుకోలేదు.

"కెజియా," అని పూర్తి చేసి ఊపిరి పీల్చుకుంది. ఆకుపచ్చ బటన్ మాత్రం నొక్కలేదు. తను చెప్పాల్సింది ఇంకా మిగిలే ఉంది.